పెయింటు డబ్బాలో వామాకు

హుస్సేన్‌బీ వాళ్ల గోడ మీంచి
ఒక కొమ్మ విరిచి ఇచ్చింది.
"వేళ్లు అక్కర్లేదమ్మే,
మట్టిలో గుచ్చు, మిగతాది అదే చూసుకుంటది."
మూత పోయిన నీలం పెయింటు డబ్బాలో గుచ్చాను.
చీమకుర్తిలో మట్టి కంటే రాతిపొడే తేలిగ్గా దొరుకుద్ది,
సగం అదీ సగం ఇదీ కలిపి పోశాను.

వారానికి చెవులు నిక్కబొడుచుకుంది.
మందపాటి ఆకులు, అంచులకి రంపప్పళ్లు,
పిల్లిచెవి మీద ఉండేంత నూగు.
ఆ నూగులో పొడి కూర్చుంటే ఒకంతట పోదు.
పిల్లల ముక్కు తుడిచినట్టు
రోజూ తడిగుడ్డతో తుడిస్తేనే పచ్చగా కనపడేది.

మా లైన్లో ఆరిళ్లు.
క్వారీకి పోయేవాళ్లు, పాలిషింగు యూనిట్టుకి పోయేవాళ్లు.
ఈ నల్లరాయిలో చుక్కలు మెరుస్తాయనీ
అది ఓడలెక్కి పోతుందనీ అంటారు.
మాకు మిగిలేది దాని పొడి.
బియ్యంలో, దిండు గలీబులో, బిడ్డ బొడ్డులో.

చిన్నదానికి జలుబు చేస్తే
పెనం మీద రెండాకులు వాడ్చి
అరచేతుల మధ్య నలిపి పిండుతాను.
నాలుగు చుక్కలొస్తాయి, అయిదోది ఎప్పుడూ రాదు.
తేనె ఉంటే తేనె, లేకపోతే బెల్లం.
మొహం వంకర పెట్టి మింగి
"ఇంకోటి" అంటుంది, బెల్లం కోసం.
ఆముదం రాసి వెచ్చటి ఆకు ఎదమీద పరిస్తే
తెల్లారేసరికి అది ఎండి అప్పడమవుతుంది,
పిల్ల గుర్రు తగ్గుతుంది.

కడుపుబ్బరానికి ఆకులో ఉప్పురాయి చుట్టి నమలమంటారు.
తేలుకుట్టుకి కూడా ఇదేనంది చెంచమ్మ.
నేనైతే ఆటో పిలిచాను.

నెలనెలా ఆ మూడు రోజులకి
ఎవరికీ చెప్పని వాడకం ఒకటుంది.
ఆకు మరిగించిన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని
గోడకి వీపానించి కూచోడం.
నొప్పి పోతుందో లేదో గానీ
గ్లాసు చల్లారేదాకా నన్నెవరూ పిలవరు.
మందు తాగుతోందిలే, అంటారు.
నిదానంగా తాగుతాను.

మా ఆయనకి దగ్గు మొదలైనప్పుడు
అదే ఆకు, అదే పెనం.
మిరియాలు వేశాను, శొంఠి వేశాను.
ఒక నెల. రెండు నెలలు.
తుంచిన కణుపులో మళ్లీ రెండు చెవులు లేస్తే
వాటినీ తుంచాను.

ఒంగోలు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.
నల్లటి ఫిల్ము.
దాన్నిండా చుక్కలు.
ఆ రాయి నాకు తెలుసు.

"ఆకు మంచిదేనమ్మా,
కాకపోతే లోపలున్నది కఫం కాదు" అంది.

ఇంటికొచ్చి, కాళ్లన్నా కడుక్కోకుండా
డబ్బా ముందు కూచుని మొక్కని తిట్టాను.
నోటికొచ్చినవన్నీ తిట్టాను.
తర్వాత నీళ్లు పోశాను.
అది చేతనైన పని చేసింది,
రాతి సంగతి దానికెవరు చెప్పారు.

ఇప్పుడాయన పొగాకు గోడౌన్లో రాత్రి కాపలా.
తువ్వాలు కొసలో నలిపిన ఆకు ముడేసి పంపిస్తాను.
"ఇదెందుకే ఇంకా?"
"వాసనకి."
తెర మీద తెర దగ్గొచ్చినప్పుడు
ఆ కొస ముక్కు దగ్గర పెట్టుకుంటాడట.
రాతిపొడి కానిది ఏదో ఒకటి
లోపలికి పోవాలి గదా.

మొన్న వాన పట్టిన సాయంత్రం
ముదురాకులు శనగపిండిలో ముంచి బజ్జీలేశాను.
ఆయన ఏడు తిన్నాడు. లెక్కపెట్టాను.
నూనె వాసనకేమో, చివరింట్లోకి కొత్తగా దిగిన ఒడియా పిల్ల
వచ్చి గుమ్మంలో నిలబడింది.
చంకలో బిడ్డ, ముక్కు కారుతా ఉంది.
ఆమెకి తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు.
రెండు బజ్జీలు పేపర్లో పెట్టి
ఒక కొమ్మ విరిచి చేతికిచ్చాను.

వేళ్లేవీ అన్నట్టు
తిరగేసి చూసింది.